అర చుట్టు వదులు

ఈ మాట ఏళ్ళుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. పళ్ళు తోముకునేటప్పుడు, అంగట్లో ఫ్యాను రెక్కలు బిగించేటప్పుడు, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నప్పుడు కూడా అది అక్కడే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. చెప్పాల్సిన మనిషి రోజూ నా పక్కనే కూర్చొని అన్నం తింటుంది. ఆమెకు మాత్రం చెప్పలేకపోయినాను.

నేను నా పెండ్లాం మీద కుళ్ళుకున్నాను.

ఈ ఒక్క వాక్యం రాయడానికే ఎంతసేపు పట్టిందో. ఆమె ఎవరి వైపో చూసిందనుకునేరు. అట్లాంటిదైతే లోకం కొంచెమన్నా అర్థం చేసుకునేదేమో. ఒక పని నాకంటే బాగా చేసింది. నా కుళ్ళుకు కారణం అంతే.

మాది చెన్నై దగ్గర తిరువళ్ళూరులో ఫ్యాన్లు, మిక్సీలు అమ్మే అంగడి. నాయన పెట్టింది. అంగడి పైన మిద్దె గదిలో నాకొక కంప్యూటరు ఉండేది. ఒక్కొక్క భాగం వెతికి తెచ్చి నేనే కూర్చుకున్నది. ఈ పిచ్చి గురించి మీరు విన్నారో లేదో. కంప్యూటరులో ప్రాసెసరు అని ఉంటుంది, లెక్కలన్నీ చేసేది అదే. తయారు చేసినవాళ్ళు దానికి ఇంత వేగం చాలు అని ఒక హద్దు పెట్టి పంపిస్తారు. ఆ హద్దు దాటించి దాన్ని పరిగెత్తించడమే మా ఆట. ఓవర్‌క్లాకింగ్ అంటారు. వేగం పెంచితే వేడి పెరుగుతుంది, వేడి ఎక్కువైతే ఆగిపోతుంది. అందుకని ప్రాసెసరు నెత్తిన ఒక రాగి దిమ్మ బిగించి, దాంట్లో పంపుతో నీళ్ళు పారించి, ఆ నీళ్ళను రేడియేటరులో చల్లార్చి మళ్ళీ తిప్పుతాము. కారుకు ఉన్నట్టే. మా పక్క ఎండలకు ఇది చిన్న పని కాదు. వేసవి వస్తే ఎండ ఎంత కాసిందో చెప్పడానికి మా దగ్గరి తిరుత్తణి పేరు దినమూ వార్తల్లో వస్తుంది. చల్లటి ఊళ్ళలో వాళ్ళకు ఊరికే వచ్చే వేగం మాకు పోరాడితేగాని రాదు.

ఇదే పిచ్చి ఉన్నవాళ్ళం, చెన్నై చుట్టుపక్కల వాళ్ళం, ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాము. ఎవరి యంత్రం ఎంత వేగంగా పోయిందో స్కోరు పెట్టేవాళ్ళము. అందులో నాకు పేరుండేది. అంగట్లో నేను మా నాయన కొడుకును. గ్రూపులో 'అన్న'ను. నేను చెప్పితే వినేవాళ్ళు. ఆ పేరు నాకు ఎంత కావాల్సి ఉండిందో అప్పుడు తెలియలా.

వల్లి, నా పెండ్లాం, మా మేనమామ కూతురే. మామకు తిరుత్తణిలో, కొండ మీది గుడికి పోయే దారిలో, చిన్న టిఫిను హోటలు. పెళ్ళయిన కొత్తలో ఆమె మిద్దె మీదికి వచ్చి, నేను మరలు బిగిస్తా ఉంటే టార్చి పట్టుకొని నిలబడేది. ఇదెందుకు బావా, అదెందుకు బావా అని అడిగేది. చెప్పడం నాకు ఇష్టంగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె అడగడమే నాకిష్టం. ఆమె తెలుసుకోవడం నాకిష్టమని ఎప్పుడైనా అనుకున్నానా? అనుకున్నట్టు గుర్తులేదు.

నాది తొందర చెయ్యి. వేగం పెంచాలంటే ప్రాసెసరుకు వోల్టేజీ ఎక్కువ ఇచ్చేస్తాను. వేగమూ వస్తుంది, వేడీ వస్తుంది. ఒకరోజు వల్లి, "కొంచెం తగ్గించి చూస్తామా బావా" అనింది. తగ్గిస్తే ఆగిపోతుందన్నాను. "ఆగిపోతే మళ్ళీ మొదట్నించి పెడదాము. ఏం పోయింది?" అనింది. నేను అంగట్లోకి దిగిపోయినాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుచుకుంటా, ఒక్కొక్క మెట్టు తగ్గిస్తా, ప్రతి మెట్టు దగ్గరా యంత్రాన్ని పూర్తిగా పని చేయించి చూస్తా, మూడు నాలుగు మధ్యాహ్నాలు అక్కడే గడిపింది. వేడి దిగింది. దిగిన చోట మళ్ళీ వేగం పెంచింది. నా యంత్రమే, నా ప్రాసెసరే. నా చేతిలో ఎన్నడూ పోని వేగం ఆమె చేతిలో పోయింది.

ఆ స్కోరు నా పేరుతో గ్రూపులో పెట్టినాను. అందరూ మెచ్చుకున్నారు. ఇది వల్లి చేసిందని నేను రాయలా. ఆమె నా భుజం మీద నుంచి చదువుతా, "ఎంత బాగా మెచ్చుకున్నారు చూడు బావా నిన్ను" అని నవ్వింది. ఆమె మనసులో ఏమీ లేదు. ఉన్నదంతా నా మనసులోనే.

అట్ల ఎన్నాళ్ళు దాగుతుంది? వోల్టేజీ ఎట్ల తగ్గించినావన్నా అని ఒకడు ఫోను చేసి అడిగినాడు. నాకు జవాబు తెలియదు. ఫోను వల్లికిచ్చినాను. ఆమె ఓపికగా చెప్పింది. అప్పట్నించి నాకు ఫోన్లు వచ్చేవి, నేను ఎత్తేవాణ్ణి, "అన్నా, అక్క ఉందా?" అనేవాళ్ళు. అంతే. ఆ రెండు ముక్కలు నాకు గిట్టేవి కావు. నవ్వుతానే పిలిచేవాణ్ణి. "ఏమే వల్లీ, ఫోను నీకే" అని.

ఆ తర్వాత ఆమె తనకొక యంత్రం కూర్చుకుంది. ఆమె తమ్ముడు మణికి తిరుత్తణిలో ఫోటో స్టూడియో. వాడు తన దగ్గరున్న మంచి గ్రాఫిక్స్ కార్డు, తెర మీద బొమ్మలు నడిపేది, తీసి అక్కకిచ్చినాడు. నీళ్ళ ట్యూబులు ఆమే వేడి చేసి వంచుకుంది. నా యంత్రంలో ట్యూబులు ఎట్ల కుదిరితే అట్ల పోతాయి. ఆమెవి గీత గీసినట్టుండేవి. ప్రతి ట్యూబు కొసన ఒక చిన్న ఇత్తడి ఫిట్టింగు, దాన్ని వేళ్ళతోనే తిప్పి బిగించాలి. గట్టిగా బిగిస్తే లోపలి రబ్బరు నలుగుతుంది, వదిలితే నీళ్ళు కారతాయి. ఆమె వేళ్ళకు అది తెలుసు. నేను చూస్తా ఉండేవాణ్ణి. బాగుంది అనేవాణ్ణి. ఆ మాట అనేటప్పుడు నా నోరు ఎట్లుండేదో ఆమె ఎప్పుడైనా గమనించిందా?

చెన్నైలో గ్రూపు వాళ్ళంతా కలవాలనుకున్నారు. ఒక కల్యాణ మండపం మాట్లాడినారు. అందరి ముందు యంత్రం నడిపి చూపించడానికి కొందరిని పిలిచినారు. నన్ను పిలవలా. వల్లిని పిలిచినారు.

అది ఆడి నెల, ఆడపిల్లలు పుట్టింటికి పోయే అరవ ఆషాఢం. వల్లి పుట్టింట్లో ఉండింది, యంత్రమూ అక్కడే. ఆమెను తీసుకొని చెన్నై పోవడానికి నేను తిరుత్తణికి పోయినాను. ఆడి కృత్తిక పండగ దాటినా కొండ మీది గుడికి కావళ్ళు మోసుకొచ్చే జనం ఇంకా తగ్గలా. మామ హోటల్లో ఇడ్లీ పాత్రలు దించడం, ఎత్తడం. ముందు రోజంతా పంపు ఆడించి, ట్యూబుల కింద తెల్ల కాగితాలు పరిచి చూసినానని, ఒక్క చుక్క పడలేదని వల్లి చెప్పింది. కాగితాలు తీసి నాకు చూపించింది కూడా. చిన్నపిల్ల మార్కుల కార్డు చూపించినట్టు. తర్వాత వాళ్ళమ్మతో కలిసి కొండకు పోయింది, దండం పెట్టుకొని వస్తాము బావా, అంతలో కారు వస్తుంది అని.

గదిలో నేనూ ఆ యంత్రమూ మిగిలినాము.

నేను ఏమనుకొని దాని దగ్గరికి పోయినాను? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు నన్ను నేను అడిగినానో. ఒక చుక్క కారితే చాలు, ఆమె గమనించి ఆపుతుంది, తుడుచుకుంటుంది, అందరి ముందు కొంచెం తడబడుతుంది, అప్పుడు నేను లేచి పోయి సరిచేస్తాను, అక్క కంటే అన్నే నయమని నలుగురూ అనుకుంటారు — ఇట్ల అనుకున్నానని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చినాను. నిజమేనా? ఆ ఫిట్టింగు సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు పైన ఉందని నాకు తెలుసు. అది కారితే ఏమవుతుందో మా గ్రూపులో నాకంటే బాగా ఎవరికి తెలుసు? రెండు వేళ్ళు పెట్టినాను. అర చుట్టు తిప్పినాను. బయటికొచ్చి మామ ఇచ్చిన కాఫీ తాగినాను. అది రుచిగా ఉండిందని కూడా గుర్తుంది, అది మర్చిపోలేకపోతున్నాను.

మండపంలో వల్లి వంతు వచ్చింది. నీలం చీర కట్టుకొని, జడ ముందుకు రాకుండా వెనక్కి దోపుకొని, యంత్రం ఆన్ చేసింది. మొదట అంతా బాగానే పోయింది. వేగం పెంచేకొద్దీ ముందున్న కుర్రవాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. నీళ్ళు వేడెక్కినాయి. తెర మీద గీతలు పడినాయి. నల్లగా అయిపోయింది. కాలిన వాసన వచ్చింది. ఎవరో పరిగెత్తి ప్లగ్గు పీకినారు. కార్డు మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. నేను లేచి పోలా. కుర్చీలోనే కూర్చున్నాను.

అందరూ మంచిగానే మాట్లాడినారు. ఒక పెద్దాయన, "తిరుత్తణి నుంచి కారులో తెచ్చినారు కదమ్మా, రోడ్డు కుదుపులకు వదులయ్యుంటుంది" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో వల్లి ఆ మాటే పట్టుకుంది.

"కుదుపులకే అయ్యుంటుందా బావా?"

అవునని చెప్పి ఉంటే సరిపోయేది. అంత సులువైన అబద్ధం, ఆమెను కాపాడే అబద్ధం, ఇంకొకరు తెచ్చి నా చేతిలో పెట్టినారు. నేను దాన్ని తీసుకోలా.

"కుదుపులకైతే అన్నీ వదులవ్వాల కదా. అదొక్కటే ఎట్ల అవుతుంది?" అన్నాను.

ఆమె కొంచెంసేపు తన వేళ్ళు చూసుకుంది. "నేను అన్నీ తిప్పి చూసినా కదా."

"కొండకు పోవాలనే హడావిడిలో ఒకటి మర్చిపోయుంటావు. పోనీలే. అందరికీ అయ్యేదే."

"సెరి బావా" అనింది. కిటికీ వైపు తిరిగింది. అరక్కోణం దారి చీలే చోట మెల్లిగా, "మణికి ఏం చెప్పేది?" అనింది.

ఫిట్టింగు తిప్పింది ఒక తప్పు. కారులో అన్న మాట దానికంటే పెద్దది. మొదటిది ఒక కార్డును కాల్చింది. రెండోది చేసిన పని ఇంకా అయిపోలేదు.

వల్లి మళ్ళీ యంత్రం ముట్టలా. నేను అడిగినాను కూడా, మళ్ళీ మొదలుపెట్టొచ్చు కదా అని. ఎంత మంచివాణ్ణో చూడండి. "నాకెందుకులే బావా, నీకే బాగా వస్తుంది" అనింది. కొన్నాళ్ళకు నేను గ్రూపులో మళ్ళీ పైకొచ్చినాను. ఆమె తగ్గించి పెట్టిన వోల్టేజీల మీదనే. మెచ్చుకున్నారు. చదివినాను. ఫోను పక్కన పెట్టేసినాను. ఏమీ అనిపించలా. దీనికోసమేనా అనుకున్నాను. తర్వాత ఆ యంత్రాన్ని విప్పి భాగాలు అమ్మేసినాను.

అది అక్కడితో ఆగి ఉంటే నేను మర్చిపోయేవాణ్ణేమో. ఆగలా. గ్యాసు ఆపేసి వచ్చినాక మళ్ళీ పోయి చూసి వస్తుంది. తలుపుకు తాళం వేసి, లాగి చూసి, "నువ్వొకసారి చూడు బావా" అంటుంది. మా పాపకు మందు పోసేటప్పుడు మూత నాకు చూపించి, ఇంతేనా అని అడుగుతుంది. అంతకు ముందు ఆమె ఎవరినీ ఏదీ ఇట్ల అడిగేది కాదు. నాకు కావాల్సింది ఇదే కదా, ఆమె నన్ను అడగడం? ఇప్పుడు అన్నీ నన్నే అడుగుతుంది. ప్రతిసారీ నేను లేచి పోయి చూస్తాను. తాళం సరిగ్గానే పడి ఉంటుంది. గ్యాసు ఆపే ఉంటుంది.

ఈమధ్య మణి వచ్చినాడు. స్టూడియో పెద్దది చేస్తున్నాడు, పెళ్ళి వీడియోలు కత్తిరించడానికి గట్టి యంత్రాలు కావాలి. "నువ్వే కూర్చి ఇయ్యక్కా, బయటోళ్ళ మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు. పాత కార్డు సంగతి వాడు ఎత్తను కూడా ఎత్తలా. వల్లి కూర తరుగుతా ఉండింది. తల ఎత్తకుండా చెప్పింది. "వద్దురా. నా చేతిని నేనే నమ్మను."

నేను అక్కడే ఉన్నాను. చేతిలో పళ్ళెం ఉంది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచినాను. "బలవంతం చేయొద్దులే మణీ" అన్న మాటే వచ్చింది.

ఆ రోజు నుంచి నిద్ర సరిగ్గా లేదు. అందుకే ఇది రాస్తున్నాను. దీన్ని తెలుగులో రాయడంలో కూడా నా పిరికితనం ఉంది, అదీ చెప్పేస్తాను. మా ఇంట్లో మాటలన్నీ తెలుగే. కానీ నాయన పట్టుబట్టి నన్ను తెలుగు బడిలో వేసినాడు, వల్లి చదివింది అరవంలో. తెలుగు అక్షరాలు ఆమెకు రావు. ఈ కాగితాలు భోజనాల బల్ల మీద వదిలేసినా ఆమె వాటిని పక్కకు జరిపి పళ్ళేలు పెడుతుంది.

ఆమెకు చెప్తానా? తెలియదు. చెప్తే ఆమె చెయ్యి ఆమెకు తిరిగొస్తుంది, నేను పోతాను. ఆ లెక్కలో ఏది బరువో తెలిసి కూడా ఇన్నేళ్ళు కూర్చున్నవాణ్ణి నేను. మీరు నన్ను క్షమించాలని అడగను. అది మీ చేతిలో లేదు. ఆమె అయినా క్షమిస్తుందో లేదో, అడిగే హక్కు నాకుందో లేదో.

కానీ ఇన్నేళ్ళూ ఈ మాట నా లోపల తప్ప యాడా లేదు. ఇప్పుడు నా బయట ఒకచోట ఉంది. ఇంకొక మనిషికి తెలుసు. గొంతులో కొంచెం చోటు దొరికినట్టుంది, దాచుకోకుండా చెప్తున్నాను. ట్యూబులన్నీ వల్లి సరిగ్గానే బిగించింది. ఒక్కటి కూడా మర్చిపోలేదు. వదులు చేసింది నేను.