అమ్మ చెప్పని మామిడి పండగ

గిరిజన దినానికి పిల్లల ముఖాలకు నలుపు పూయొద్దని గల్ఫ్‌లో మా పాప చదివే ఫహాహీల్ ఇండియన్ స్కూలును ఎన్నాళ్లుగానో ఉత్తరాలు రాసి అడుగుతున్నాను. ఒక్కరూ జవాబివ్వలేదు. నిన్న పాప మళ్లీ బూటు పాలిష్ వాసనతో ఇంటికొచ్చింది.

ఆ వాసన నాకు కొత్త కాదు. నేనూ ఆ స్కూల్లోనే చదివాను. మేం గోదావరి ఏజెన్సీ కోయవాళ్లం. అప్పట్లో నాన్న ఇక్కడ ఆయిల్ కంపెనీలో ఫోర్‌మన్. ఒక ఏడు గిరిజన దినానికి, గిరిజనుల గురించి చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని టీచరు అడిగితే, మా అమ్మ ఉందన్నాను. మా మామిడి పండగలో కొత్త కాయను ముందు భూమికి పెట్టనిదే మేమెందుకు తినమో చెప్పాలని అమ్మ ఒక కాయ కొని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది.

టీచరు ఆమెను ఎగాదిగా చూసింది.

"మీరు గిరిజనుల్లా లేరేంటమ్మా? పిల్లలు నమ్మరు."

"మరెలాగుండాలండీ?" అంది అమ్మ.

టీచరు నవ్వి, నా ముఖానికి పాలిష్ రాసి, నడుముకు ఆకులు కట్టింది. నా గెంతులయ్యాక అమ్మ మాట్లాడుతుందనుకుని ఇంకా బాగా గెంతాను. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మను ఎవరూ పిలవలేదు.

ఏటా మొదటి కాయను బాల్కనీ కుండీలోని మట్టికి పెట్టే అమ్మ, ఆ సాయంత్రం నేరుగా ముక్కలు కోసి ఉప్పద్దింది.

"తినేయ్ నాన్నా."

నేను సంబరంగా తిన్నాను. మా ఇంట్లో మళ్లీ ఆ పండగ జరగలేదు.

అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంది. నిన్న పాప ముఖం ఆమే కడిగింది. ప్రిన్సిపాల్ గారూ, ఆమెను వేదిక మీదికి ఎప్పుడు పిలుస్తారు? ఈసారైనా జవాబు చెప్పండి.