ఆమెన్ అనకముందు

కళ్ళు తెరిపించడం నా పని అంటే కంటి డాక్టరుననుకుంటారు. కాదు. బందరులో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఫొటోలు దిద్దుతాను. గుడివాడలో స్టూడియో ఉన్న మా మరిది తీస్తాడు, నేను బాగుచేస్తాను. రెప్ప వాల్చేసిన పెళ్ళికూతురికి కన్ను తెరిపిస్తాను. మంగినపూడిలో తీసిన ప్రీ వెడ్డింగ్ ఫొటోల్లో ఒక పక్కకి ఒరిగిపోయిన సముద్రాన్ని సమం చేస్తాను. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుంది. చుక్కలు వేసుకుని మళ్ళీ కూర్చుంటాను. ఈమధ్య ఎవరి మొహం చూసినా ముందు రెప్పలే కనపడుతున్నాయి. విసుగొచ్చేసింది.

దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఒక ఊళ్ళో పాత చర్చి పడగొట్టి కొత్తది కడుతున్నారు. పడగొట్టేముందు సంఘమంతా దాని ముందు నిలబడి ఫొటో దిగాలని, దాన్ని కొత్త చర్చి గోడ పొడవునా పెట్టాలని అక్కడి పాస్టరు గారి కోరిక. ఆయన్ని అందరూ అయ్యగారంటారు. అంతమంది ఒక్క ఫొటోలో పట్టరు. అందుకని మా మరిది కెమెరాని స్టాండు మీద పెట్టి, ఎడమ చివర నుంచి కుడి చివరకి కొంచెం కొంచెంగా తిప్పుతూ ముక్కలు ముక్కలుగా తీశాడు. ఆ ముక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అదే అతికిస్తుంది అంటారు. అనేవాళ్ళు ఎప్పుడూ అతికించి ఉండరు. అతుకు దగ్గర ఒకాయనకి మూడు చేతులొచ్చాయి. చర్చి మెట్లు అరటి డొప్పలా వంగిపోయాయి. అవన్నీ సరిచేశాక, తీరిగ్గా మొహాలు చూడ్డం మొదలుపెట్టాను. ఎడమ సగం సంఘం కెమెరాకేసి చూస్తోంది. కుడి సగం మొత్తం తలలు వంచుకుని కళ్ళు మూసుకుంది.

మా మరిదికి ఫోన్ చేశాను.

"సగం తీశాక వాళ్ళ సంఘ పెద్ద ప్రార్థన ఎత్తుకున్నాడు వదినా. ఆపండి అంటే బాగుంటుందా చెప్పు? సరే అని తీసుకుంటూ పోయాను."

"అయ్యాక మళ్ళీ తియ్యకపోయావా?"

"అయ్యాక ఎవరున్నారు? అందరూ భోజనాలకి వెళ్ళిపోయారు."

"నువ్వో?"

"నేనూ వెళ్ళాననుకో."

ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ చేసి సంగతి చెబితే అయ్యగారు మాత్రం నవ్వలేదు. "అందరికీ కళ్ళు తెరిపించండమ్మా, ఎట్టాగైనా" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. "కుడి చివర కుర్చీలో తెల్లచొక్కా ఆయన ఉన్నారు చూశారా? మొన్ననే ప్రభువునందు నిద్రించారు. అదే ఆయన ఆఖరి ఫొటో. గోడ మీద కూడా ఆయన కళ్ళు మూసుకునే కనపడితే వాళ్ళావిడ తట్టుకోలేదమ్మా. మిగతావాళ్ళవి కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదు. ఆయనవి మాత్రం జాగ్రత్త."

ఇక మొదలైంది. భోజనాల దగ్గర మరిది తీసిన ఫొటోల్లోంచి ఒక్కొక్కరి కళ్ళు వెతికి, కోసి, తెచ్చి పెట్టాను. తింటున్నవాళ్ళ చూపు విస్తట్లో ఉంటుంది. దాన్ని లేపి నిలబెట్టాలి. ఒక్కొక్కరి కళ్ళు ఒక్కో పొరగా పెట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పొర పక్కనా చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ పొర కనపడదు, మళ్ళీ నొక్కితే వస్తుంది. కుర్చీలో ఆయన భోజనాలకి వెళ్ళినట్టు లేరు, ఏ ఫొటోలోనూ దొరకలేదు. అయ్యగారే ఆయన కూతురి పెళ్ళి ఆల్బంలోంచి ఒకటి పంపించారు. ఆ కళ్ళు తెచ్చి పెట్టాను. ఎంత మసకబరిచినా వాటిలో పెళ్ళికళ తగ్గలేదు. మొహం చిక్కిపోయి ఉంది, కళ్ళేమో బంధువుల్ని పలకరిస్తున్నట్టున్నాయి. దానితోనే చాలా రోజులు కుస్తీ పట్టాను. ఒక దశలో, తెలియని మనిషి కళ్ళు నన్ను చూసీ చూసీ అలిసిపోయాయేమో అనిపించింది.

అయ్యగారికి వాట్సాప్‌లో పంపిస్తే ఆ పొడవాటి ఫొటో ఆయన ఫోన్‌లో వానపాములా కనపడిందట. "కుర్చీలో ఆయన భార్యని పంపిస్తాను, మీ దగ్గరే పెద్దగా చూపించండి. ఆవిడ సరేనంటే ప్రింటుకి పంపేద్దాం" అన్నారు.

ఆవిడ బస్సెక్కి బందరు వచ్చింది. నా పక్కన కుర్చీ వేశాను. ఫొటోని మెల్లగా కుడివైపుకి జరిపి, చివర ఆగాను. కుర్చీలో ఆయన, వెనక ఆయన భుజం మీద చెయ్యేసి ఈవిడ. ఇద్దరూ నిక్షేపంగా చూస్తున్నారు. ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుని ఆయన మొహం చూసింది.

"ఇవి మా అమ్మాయి పెళ్ళప్పటి కళ్ళు కదమ్మా" అంది.

"అవునండి. ఆ రోజు ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. అందుకని..."

"ఎందుకు మూసుకున్నామో తెలుసా? ఆ వచ్చే సోమవారమే బెజవాడలో ఆయనకి గుండె ఆపరేషను. భోజనాలకి లేస్తే మళ్ళీ అందరూ ఒకచోట దొరకరని, మా సంఘ పెద్ద, ఫొటో తీస్తుండగానే ప్రార్థన మొదలుపెట్టాడు. ఇంతమంది ఆయన కోసం కళ్ళు మూసుకున్నారు. ఆయన వింటూ కూర్చున్నారు. నేను అది చూద్దామని వచ్చాను."

నాకు ముందు జాలి కాదు, కోపం వచ్చింది. ఇన్నాళ్ళ చాకిరీ. ఈ మాట ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండొచ్చు కదా. ఆ కోపంతోనే ఆయన పొర పక్కనున్న కన్ను బొమ్మ నొక్కాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. అప్పటిదాకా ఎంత దిద్దినా అతకని మొహం ఒక్కసారిగా ఆయనదైపోయింది. నా కోపం ఎటుపోయిందో తెలియదు.

"మిగతావాళ్ళవి కూడా తియ్యమ్మా" అంది ఆవిడ.

అయ్యగారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. ఆయన కంగారుపడ్డారు. "సగం మంది నిద్రపోతున్నారని నవ్వుతారమ్మా చూసినవాళ్ళు. గోడ మీద ఎప్పటికీ ఉండేది."

ఆవిడ ఫోన్ దగ్గరికి వంగింది.

"ఆమెన్ అనకముందే కళ్ళు తెరిపిస్తే ఎట్టాగండీ, అయ్యగారూ?"

అటునుంచి "పంపించెయ్యండమ్మా" అని మాత్రం వినపడింది.

ఒక్కొక్క కన్నూ నొక్కుకుంటూ పోయాను. నా చేత్తో తెరిపించినవాళ్ళంతా వరసగా మళ్ళీ ప్రార్థనలోకి వెళ్ళిపోయారు. చివరగా ఆవిడ వంతు వచ్చింది. ఎక్స్‌పోర్ట్ నొక్కాను. అంత పెద్ద ఫైలు, నా సిస్టం పాతది, తెర మీద గీత నిండడానికి చాలాసేపు పడుతుంది. ఆవిడ అలాగే కూర్చుని ఉంది. కళ్ళు మండుతున్నాయి. చుక్కల సీసా అందుకోబోయి మానేశాను. నేనూ కళ్ళు మూసుకున్నాను.