పైకి కురిసిన వాన

మా చెల్లెలు బడిలో అందరికంటే చిన్న తరగతి పిల్లలకు పాఠాలు చెబుతుంది. చెబుతుంది అనడం కూడా తప్పే, ఎక్కువగా వింటుంది. ఏ పిల్లయినా వచ్చి ఇది ఇలా ఎందుకుందని అడిగితే, నీకేమనిపిస్తోందని ఎదురడిగి, జవాబు వచ్చేదాకా మోకాళ్ళ మీద కూర్చుంటుంది. అందుకే తోటివాళ్ళు తనకి నత్త టీచరని పేరు పెట్టారు. పక్క గది పిల్లలు అక్షరాలన్నీ దిద్దేసినా, మా చెల్లెలి పిల్లలు ఇంకా చీమ ఎటు పోయిందో చూస్తూ ఉంటారట. నవ్వుకునేవాళ్ళని నవ్వుకోనీ అని నేనూ ఊరుకున్నాను.

ఊరుకోలేనిది ఆ బొమ్మల ప్రదర్శన సంగతి. ఏటా తల్లిదండ్రులను పిలిచి, పిల్లలు వేశారంటూ గోడల నిండా బొమ్మలు అంటిస్తారు. అందులో పిల్లలు వేసింది ఒక్కటీ ఉండదు. బడి వదిలాక టీచర్లే కూర్చుని, రంగు గీత దాటకుండా వేసి, కింద పిల్లల పేర్లు రాస్తారు. వాళ్ళలో వాళ్ళకి ఇందులో దాపరికం కూడా లేదు. సరిచేయడం అంటారు దాన్ని. సిగ్గులేకపోతే సరి.

ఈ ఏడు మా చెల్లెలు మొండికేసింది. వాన పడుతున్న రోజు పిల్లలందరినీ గుమ్మం దగ్గర నేల మీద కూర్చోబెట్టి, చూసింది చూసినట్టు గీయమంది. ఎప్పుడూ నోరు విప్పని ఒక పాప వానను నేల నుంచి పైకి గీసింది. ఎందుకలా అని అడిగితే, బడిలో చేరాక మొదటిసారి గట్టిగా మాట్లాడింది.

"కింద పడి ఎగురుతోంది టీచర్. మీరూ కూర్చోండి, కనిపిస్తుంది."

చెల్లెలు ఆ బొమ్మ తెచ్చి నాకు చూపించి, అన్నం చల్లారిపోతున్నా దాని గురించే మాట్లాడింది.

హెడ్ మేడంకి మాత్రం గుండె ఆగినంత పనైందట. వాన పైకి పోవడమేమిటి, వచ్చినవాళ్ళు మన మొహాన ఉమ్మేస్తారు, సరిచేయమంది. చెల్లెలు కుదరదని చెప్పి, పిల్లల బొమ్మలు ఉన్నవి ఉన్నట్టే గోడకి అంటించి వచ్చింది. ఒక్క బొమ్మ కోసం ఇంత గొడవెందుకని చెల్లెలి మొగుడు, మా మరిది గొణిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క బొమ్మట.

ప్రదర్శనకి నేనూ వెళ్ళాను. తీరా చూస్తే గోడ మీద అన్నీ కొత్త బొమ్మలు. చెల్లెలు ఇంటికి వచ్చేశాక మేడం మిగతావాళ్ళ చేత మార్పించిందట. వచ్చినవాళ్ళ ముందు నోరెత్తితే రేపటి నుంచి రానక్కర్లేదని చెల్లెలికి ముందే చెప్పేసింది కూడా. ఆ పాప పేరు మీద పైనుంచి కిందకి నీలం గీతలు, ఒక గొడుగు, నవ్వుతున్న మబ్బు ఉన్నాయి. తల్లి మురిసిపోయి కూతురి బుగ్గ నిమిరింది. పాప తల దించుకుని, ఇది నేను వేయలేదంది. తల్లి మొహం మాడిపోయింది.

"అందరి ముందు అబద్ధాలేంటి? నీ పేరు రాసుంటే?"

ఉన్న మాట చెప్పిన పిల్ల అబద్ధాలకోరు అయింది, బొమ్మ మార్చినవాళ్ళు పెద్దమనుషులయ్యారు. అక్కడే అరిచేద్దామనుకున్నాను.

నాకంటే ముందు చెల్లెలు కదిలింది. తీసేసిన బొమ్మలన్నీ బీరువాలో కుక్కి ఉన్నాయి. వాటిలోంచి పాప బొమ్మ వెతికి, మేడం చూస్తుండగానే కొత్తదాని పక్కన అంటించి, ఆ పిల్ల ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. తన ఉద్యోగం అక్కడితో సరి అని తనకీ తెలుసు, నాకూ తెలుసు.

"ఇందులో నీదేదో అమ్మకి చూపించమ్మా," అంది.

పాప తల్లిని చూసింది. మేడంను చూసింది. ఆ తర్వాత నవ్వుతున్న మబ్బు మీద వేలు పెట్టింది.

"ఇదే నాది."

తల్లి ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. మేడం నవ్వుతూ అసలు బొమ్మ పీకి చెల్లెలి చేతిలో పెట్టింది, గేటు వైపు చూపించింది.

వీధిలోకి వచ్చాక నా కోపం ఆ పసిదాని మీదకి కూడా మళ్ళింది. ఎవరి కోసం ఇంత చేశావో ఆ పిల్లే నిన్ను ముంచేసిందే అన్నాను. చెల్లెలు బొమ్మ నలగకుండా రెండు చేతులతో పట్టుకుని నడుస్తోంది.

"దాన్నేమీ అనకక్కా. తెలివైన పిల్ల. ఏం చెబితే ముద్దు పెడతారో ఇట్టే నేర్చేసుకుంది."