తొండ తొక్కని ఇల్లు

మా మామయ్యని వీధిలో అందరూ తొండ అని పిలుస్తారు. ఆయనకి కోపం రాదు. నాకొస్తుంది. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడాయన, నన్నెత్తుకుని పెంచాడు మరి.

ఆ పేరు ఊరికే రాలేదు. ఒకప్పుడు సముద్రంలోంచి లేచొచ్చి ఊళ్లు నాశనం చేసే రాకాసి తొండ సినిమా ఒకటి వచ్చింది. ఆ తొండ లోపలున్న మనిషి మామయ్య. రబ్బరూ స్పాంజీ కలిపి కుట్టిన ఒళ్లు, మెడ దగ్గర రెండు కన్నాలు. వాటిలోంచి చూస్తూ నడవాలి. షాటయ్యాక బూటు విప్పి వంచితే చెమట ధార కట్టేదట. ఈ ముచ్చట మామయ్య సరిగ్గా భోజనాల దగ్గరే చెబుతాడు, అత్తయ్య విసుక్కుంటుంది.

ఆ తొండ తొక్కే ఊళ్లు కట్టింది అత్తయ్యే. అట్ట, ప్లాస్టరు, జిగురుతో మోకాలెత్తు మేడలు. ఆవిడ నెలల తరబడి కట్టేది, ఆయన ఒక్క పూటలో పడగొట్టేవాడు. కాపరానికి ఇంతకన్నా మంచి శిక్షణ ఏముంటుంది?

తొండ లోపల్నించి సరిగా కనపడదు కాబట్టి ముందురోజే దారిని కాళ్లకి నేర్పాలి. అత్తయ్య ముందు నడుస్తూ చెబుతుంటే, మామయ్య చెప్పులు విప్పి వెనక నడిచేవాడు.

"ఇది బడి, తన్నాలి. ఇది స్టేషను, తోకతో కొట్టాలి. ఇది ఇల్లు, తొక్కాలి."

ఆ ఇంటి దగ్గర మామయ్య వంగి చూశాడు. కిటికీలకి లోపలివైపు తెరలున్నాయి. తన పాత జాకెట్టు గుడ్డతో కుట్టిందావిడ.

"కెమెరాకి కనపడవు కదండీ, ఇవెందుకు?" అన్నాడు.

"నాకంటూ ఇల్లుంటే ఇలా ఉండాలి" అంది. అప్పటికి వాళ్లిద్దరికీ పెళ్లి కాలేదు, ఆవిడ నలుగురు ఆడవాళ్లతో కలిసి ఒకే గదిలో ఉండేది.

మర్నాడు తొండ బడిని తన్నింది, స్టేషన్ని కొట్టింది, ఇంటి ముందుకొచ్చి కాలెత్తింది. ఎత్తిన కాలు కాసేపు అలాగే ఉంచి, పక్కన వేసి, దాటి వెళ్లిపోయింది. డైరెక్టరు జుట్టు పీక్కున్నాడు. మళ్లీ తీద్దామంటే మిగతా ఊరు పిండైపోయింది. చేసేది లేక అలాగే వదిలేశారు. తీరా సినిమా రిలీజయ్యాక జనం ఆ చోటే కళ్లు తుడుచుకున్నారు. రాక్షసికి కూడా మనసుందని పత్రికలు రాశాయి. మనసున్నది ఎవరికో, ఎవరి మీదో మా ఇంట్లో అందరికీ తెలుసు.

తర్వాత కంప్యూటర్లొచ్చి రబ్బరు తొండలు మూలపడ్డాయి. మామయ్య కొరియర్ వ్యాను నడిపాడు. ఇద్దరూ అద్దె ఇళ్లలోనే బతికారు. అయినా ఇప్పటికీ వరండా మలుపులో ఆయన వెనక తోకున్నట్టు వెడల్పుగా తిరుగుతాడు. అడిగితే అలవాటంటాడు. బెంగ అని నాకు తెలుసు.

ఇప్పుడా సినిమానే మళ్లీ తీస్తున్నారు. ఒక్క ఊరు చాలదట, దేశానికో నగరం పడగొడతారట, ప్రపంచమంతా ఒకేసారి రిలీజట. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని నేను వెటకారం చేశాను. కానీ కొత్త డైరెక్టరు వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చింది.

"ఆ నడక మాకు కావాలి సార్. మీరు నడిస్తే కంప్యూటర్లో తొండకి ఎక్కిస్తాం. ముందు ఓసారి ట్రయల్ చూద్దాం" అంది.

ఆ వారమంతా మామయ్య పెళ్లికొడుకులా తిరిగాడు. "మోకాళ్లరిగిన తొండ ఎవరిక్కావాలి?" అంటూనే అత్తయ్య చొక్కా ఇస్త్రీ చేసింది.

స్టూడియోలో పెద్ద హాలు, బూడిదరంగు నేల. మేడల్లేవు. అవి ఉండాల్సిన చోట, పాత సినిమా వరసలోనే, తెల్ల టేపుతో గళ్లు అంటించారు. మామయ్యకి ఒళ్లంతా చుక్కలున్న నల్లటి బిగుతు బట్టలు తొడిగారు. "పొట్ట లోపలికి పీల్చవయ్యా" అంది అత్తయ్య. ఆయన అడుగేశాడు. ఎదుట తెర మీద మేఘాల్లో తలపెట్టిన తొండ అడుగేసింది. అచ్చం మా మామయ్య నడకే!

బడిని తన్నాడు. స్టేషన్ని కొట్టాడు. ఇల్లున్న గడి దగ్గర కాలెత్తి, పక్కన వేశాడు.

డైరెక్టరు దగ్గరకొచ్చింది. "ఈసారి తొక్కాలి సార్."

"తొండ దాన్ని తొక్కదమ్మా."

"నాకూ ఆ సీనంటే ప్రాణం. చిన్నప్పుడు ఏడ్చాను కూడా. కానీ బయటి దేశాలవాళ్లకి మన పాత సినిమా తెలీదు. ఆ సీను వాళ్లకి చూపించి చూశాం సార్, తొండ తప్పుకోగానే నవ్వుతున్నారు. కథ నిలబడట్లేదు. మీకు కష్టమైతే ఆయనతో నడిపిస్తాను, ఏమనుకోకండి."

ఆయనంటే గోడవార కాళ్లు సాగదీస్తున్న డాన్సు మాస్టారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, రచ్చ కోసం ఇల్లు తొక్కమని ఎవరన్నారు? నాకు ఒళ్లు మండిపోయింది. "వచ్చెయ్ మామయ్యా, పోదాం" అన్నాను. ఆయన కదల్లేదు. తల వంచుకుని నిలబడ్డాడు. తెర మీద అంత పెద్ద తొండా తల వంచుకునే ఉంది.

అత్తయ్య కుర్చీలోంచి లేచి టేపు గడి దాకా వెళ్లింది.

"ఇది నేను కట్టింది కాదు. తొక్కు."

"నీ ఇల్లే ఇది..."

"టేపు ముక్కలయ్యా. నీ నడక ఇంకోడికి అప్పజెప్పొచ్చి ఇంట్లో కూర్చుంటే, ఆ మొహం చూడ్డం నావల్ల కాదు. తొక్కు."

మామయ్య వెనక్కెళ్లి మళ్లీ నడిచొచ్చాడు. కాలెత్తాడు. తొక్కాడు.

తెర మీద ఇల్లు నుగ్గయి దుమ్ము లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరు ఆయన చేతులు పట్టుకుని, ఈ తొండ మీదే సార్ అంది. మామయ్య వినిపించుకోలేదు. కాలెత్తి పాదం కింద చూసుకున్నాడు. తర్వాత అత్తయ్య కోసం చూశాడు. ఆవిడ కుర్చీలో రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

ఆయన మోకాళ్ల మీద కష్టంగా కూలబడి ఆవిడ చేతులు తీయబోయాడు.

"నువ్వే కదే తొక్కమన్నావు?"

"అంటే మాత్రం తొక్కేస్తావా?" అంది అత్తయ్య.