నానమ్మ పక్కన జానెడు గొయ్యి

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తీసింది జానెడు గొయ్యి, అయినా అందులోనే నిలువునా మునిగాను. ఎలా మునిగానో చెబుతాను, మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పుడు నేను పీహెచ్‌డీ రెండో ఏడులో ఉన్నాను. ఆకు మీద సన్నటి మైనం పొర ఉంటుంది. ఆకు రాలి మట్టిలో కుళ్లిపోయినా ఆ మైనం చాలాకాలం మిగులుతుంది. ఎంత మిగిలిందో చూస్తే, చెట్టు గాలిలోంచి తీసుకున్న కార్బన్‌ని నేల ఎన్నాళ్లు దాచుకుంటుందో తెలుస్తుంది. అందుకు ఎవరూ దున్నని, ఎరువు వేయని పాత నేల కావాలి. సికింద్రాబాద్‌లో అలాంటి నేల ఎక్కడ దొరుకుతుంది? మా చర్చి సంఘం వాళ్ల సమాధుల తోటలో.

సంఘపెద్దలు ఒప్పుకున్నారు గానీ, కాపలా కాసే యాదగిరి తాత నా చేతిలో పలుగు చూసి అడ్డుపడ్డాడు.

"వేరేటోళ్ల దగ్గర తవ్వితే లొల్లయితది బిడ్డా. మీ నానమ్మ పక్కన తవ్వుకో. ఆమె ఏమనది."

అక్కడ వేపచెట్టు కూడా ఉంది. తవ్వాను. మట్టిలో తెల్లటి పలుకులు కనిపిస్తే సమాధికి కొట్టిన సున్నం అనుకుని వదిలేశాను. అంత తెలివి నాది.

ల్యాబులో చూస్తే మైనమే మైనం. పోల్చి చూడ్డానికి నేరేడ్‌మెట్ నుంచి తెచ్చిన మట్టి దీని ముందు ఏ మూలకు? మన మట్టి లోకాన్నే వేడెక్కిపోకుండా కాపాడబోతోందని అల్వాల్‌లో ఉన్న పిన్నికి కూడా ఫోన్ చేసి చెప్పాను.

సెమినార్ రోజు వచ్చింది. అది నెగ్గితేనే చదువు ముందుకు సాగుతుంది, లేదంటే మూటాముల్లే సర్దుకోవడమే. పట్టుచీర కట్టుకుని అరగంట దంచాను. మా గైడ్ పద్మ మేడం అంతా విని, కళ్లద్దాలు తీశారు.

"ఆకు మైనంల బేసి సంఖ్య కార్బన్లు ఎక్కువుంటయి కదమ్మా. నీ దాంట్ల సరి, బేసి సమానంగున్నయి. గిది కొవ్వొత్తి మైనం లెక్కుంది. ఆడ కొవ్వొత్తులు గిట్ల పెడ్తరా?"

"నవంబరులో సమాధుల పండగకి పెడతారు మేడం."

"పైన పెడితే జానెడు లోతుకు ఎట్ల పోయింది?"

అప్పుడు గుర్తొచ్చింది. నానమ్మ పోయిన ఏడు నాకు ఎనిమిదేళ్లు. ఆమెకు చీకటంటే భయం. కరెంటు పోతే నా చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఆ సమాధుల పండగకి అందరూ పాటలు పాడుతుంటే, నేను మిగిలిన కొవ్వొత్తులన్నీ ఏరి, ఆమె పక్కన గుంట తీసి పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. తర్వాత నేనే మర్చిపోయాను.

"పాతిపెట్టారు మేడం."

"ఎవరు?"

"నేనే మేడం."

హాలంతా పగలబడి నవ్వింది. మేడం కూడా నవ్వారు, ఎందుకు పాతానో విన్నాక కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. చివరికి మూడు నెలలు గడువిచ్చి, వేరే మట్టితో మళ్లీ షురూ చెయ్యమన్నారు. బతికిపోయాను. కొండను తవ్వి ఎలుకను పట్టిన వాళ్లే నయం, కనీసం ఆ ఎలుకను వాళ్లే పెట్టలేదు.

ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఏడ్చాను. పరువు పోయినందుకు కొంత, నానమ్మ గుర్తొచ్చినందుకు చాలా. అమ్మ కూడా కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి అడిగింది.

"మరి అగ్గిపెట్టె పెట్టావా?"

పెట్టలేదు. పాపం నానమ్మ, ఇన్నేళ్లూ అన్ని కొవ్వొత్తులు పక్కన పెట్టుకుని చీకట్లోనే ఉంది.

ఆ ఆదివారమే వెళ్లి నా గొయ్యి పూడ్చి వచ్చాను. ఇప్పుడు మీ అందరి ముందు బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ప్రాణం ఉన్నంతవరకు, అగ్గిపెట్టె లేకుండా ఒక్క కొవ్వొత్తి కూడా పాతిపెట్టను.