ముప్పావు అంగుళం

మా మామయ్య మనుషుల్ని పేర్లతో గుర్తుపెట్టుకోడు, నడుములతో గుర్తుపెట్టుకుంటాడు. "పొద్దున ముప్పై ఎనిమిది వచ్చి వెళ్లాడు", "ఆ నలభై రెండు వాళ్లావిడ చాలా మంచి మనిషి" అంటూ మాట్లాడతాడు. వీధిలో ఆయన్ని అందరూ టేపు అంటారు, ఎదురుపడితే మాత్రం మాస్టరుగారూ అంటారు. నేను ఆయన అక్క కొడుకుని కాబట్టి నాకు రెండు హక్కులూ ఉన్నాయి.

ఇంటి ముందుగదే టైలరు షాపు. రెండు కుట్టు మిషన్లు, పొడుగాటి కటింగు బల్ల, దాని అంచు పొడుగునా మేకులతో కొట్టిన ఇనప స్కేలు. కిటికీ పక్కన కూర్చుని అత్తయ్య కాజాలు, గుండీలు చూస్తుంది. ఇక కత్తెర. కిలో బరువుంటుంది. దాంతో మామయ్య కోటు గుడ్డ కోస్తుంటే కాగితం కోసినట్టుండేది.

బోర్డులు రాయడం నా పని. ఎవరూ నేర్పలేదు, అందుకే నన్ను ఎవరూ ఆపలేరు కూడా. మామయ్య షాపు బోర్డు రాసినప్పుడు అడుగున చిన్నక్షరాలతో "ఇచ్చట నడుములు తగ్గించబడును" అని నా సొంత కవిత్వం చేర్చాను. వారం తిరక్కుండా ముగ్గురు లావుపాటి ఆడవాళ్లు లోపలికొచ్చి, ఎన్ని వారాల కోర్సండీ అని అడిగారు. మామయ్య గజం బద్ద పట్టుకుని నన్ను వీధి చివరిదాకా తరిమాడు. బోర్డు మాత్రం చెరపలేదు. ఎందుకంటే ఆయన విషయంలో అది అక్షరాలా నిజం.

తొమ్మిదేళ్ల కింద ఆయన నడుము నలభై. ఆ ఏడే మా పెద్ద మామయ్య, అంటే ఈయన అన్నయ్య, షుగరుతో పోయాడు. బొటనవేలి దగ్గర పుట్టిన పుండు మోకాలి దాకా పాకింది. కాలు తీసేశాక ఆయన ప్యాంట్లన్నీ ఈ బల్ల మీదికొచ్చాయి. మొత్తం ఆరు. మామయ్య ఒక్కోదాని కుడికాలు మోకాలి దగ్గర కోసి, అంచు మడిచి, సంచి మూతి కుట్టినట్టు కుట్టేశాడు. పెద్ద మామయ్య వాటిలో నాలుగే తొడిగాడు. మిగిలిన రెండూ ఇస్త్రీ మడత విప్పకుండానే మళ్లీ మామయ్య చేతికొచ్చాయి.

ఆ నెలలోనే మామయ్య రక్తపరీక్ష చేయించుకుంటే తనకీ షుగరు గీత దాటింది. డాక్టరు అన్నం, రొట్టె తగ్గించమన్నాడు. ఈయన తగ్గించడం మొదలుపెట్టాడు గానీ ఎక్కడ ఆపాలో అడగలేదు.

నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్లూ బాగానే జరిగింది. గుడ్లు, మాంసం, ఆకుకూరలు, వెన్న. షుగరు దిగింది, ఆయాసం పోయింది, మెట్లు రెండేసి ఎక్కేవాడు. ఆ తర్వాత తిండి మీద పోలీసు పని మొదలైంది. జామపండూ మామిడిపండూ పోయాయి. పప్పు పోయింది. క్యారెట్టుని దొంగని చూసినట్టు చూసేవాడు. ఒకరోజు కూరలో ఉల్లిపాయ ముక్కలు ఏరి పక్కన పెడుతుంటే అత్తయ్య అడిగింది.

"ఉల్లిపాయేం చేసిందండీ మిమ్మల్ని?"

"అందులో తీపుంటుందే."

"కోసేటప్పుడు ఏడ్చేది నేను. నాకెప్పుడూ కనబడలేదే!"

ఆయన నవ్వలేదు. అప్పటికే నవ్వడం కూడా తగ్గించేశాడు. అన్నం వాసన తగిలితే చిరాకుపడుతున్నాడని అత్తయ్య వెనకగదిలో తలుపేసుకుని తినేది, ఇంట్లో సిగరెట్టు తాగే కుర్రాడిలా.

ఇక్కడో సంగతి చెప్పాలి. ప్యాంటు కుట్టేటప్పుడు ఏ టైలరైనా నడుము వెనక కుట్టు లోపల అంగుళమో రెండంగుళాలో గుడ్డ వదులుతాడు. మనిషి రేపు ఒళ్లు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చని. మామయ్య నడుము ముప్పై ఒకటికి దిగిన రోజు తన కోసం ఐదు ప్యాంట్లు కుట్టుకున్నాడు. ఐదింటికీ లోపలి గుడ్డ కోసి పారేశాడు. కుట్టు నిలవడానికి పావంగుళం ఉంచాడు, అంతే.

"అదేంటి మామయ్యా, రేపు పొట్టొస్తే?"

"రాదురా. రావడానికి చోటు లేదు."

షాపుకొచ్చిన వాళ్లందరికీ ఆ ప్యాంట్లు తిరగేసి చూపించేవాడు. ఒకసారి ఒంటిమీదున్నది కూడా చూపించబోతే అత్తయ్య పరిగెత్తుకొచ్చి తలుపేసింది.

చివరి రెండేళ్లలో మనిషి పూర్తిగా మారిపోయాడు. ఎండలో కూడా స్వెట్టరు వేసుకునేవాడు. దువ్వెన నిండా జుట్టు. కాలిపిక్కలు పట్టేసి మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయేవాడు. చిన్నమాటకి కస్సుమనేవాడు. మాంసం కూడా సగమే తిని లేచిపోయేవాడు. ఏది తిన్నా ముందు భయపడటం అలవాటైపోయింది. గోడకున్న మేకుకి ఒక పసుప్పచ్చ టేపు వేలాడేది. అది కస్టమర్లది కాదు, తనది. పొద్దున లేవగానే నడుముకి చుట్టుకుని చూసుకునేవాడు. అరంగుళం పెరిగితే ఆ రోజు మధ్యాహ్నం మంచినీళ్లే.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు మామయ్య ఒక స్కూలు హెడ్‌మాస్టరుగారి కోటు గుడ్డ కోస్తున్నాడు. కత్తెర సగం దూరం నడిచి పక్కకి జారింది. సుద్ద గీత ఒకవైపు, కోత ఇంకోవైపు. మామయ్య ఆ కోతని చూస్తూనే బల్లమీదికి ఒరిగిపోయాడు. ముందు గుడ్డ సంగతి చూసి అరిచిన అత్తయ్య, ఆ తర్వాత మనిషి సంగతి చూసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని పిడికిలి బిగించమంది. ఆయన బిగించాడు. "ఇంకా గట్టిగా" అంది. "ఇదే గట్టిగా" అన్నాడు.

"కండ కరిగిపోయిందండీ. ఇలాగే ఉంటే ఆరు నెలల్లో ఈ చేత్తో కత్తెర పట్టుకోలేరు."

"మరి షుగరో?"

"షుగరు నేను చూసుకుంటాను. మీరు అన్నం చూసుకోండి. మధ్యాహ్నం ఒక గుప్పెడు. పప్పు, కూర, సగం పండు. వారానికి కొంచెం కొంచెం పెంచుదాం. తిన్నాక ఇరవై నిమిషాలు నడవండి. వారానికోసారి పరీక్షకి రండి." ఆగి, వేలు చూపించి చెప్పింది. "మొదటి వారం బరువు పెరుగుతుంది. అది కొవ్వు కాదు. ఒంట్లో నీళ్లు మళ్లీ చేరతాయి. కంగారు పడి మానేయకండి."

మామయ్య బుద్ధిగా తలూపాడు. ఆ ఊపుడు చూసి నేను నమ్మేశాను.

మొదటి వారం తిన్నాడు. మందు మింగినట్టు కళ్లు మూసుకుని. ఎనిమిదో రోజు టేపు ముప్పై రెండున్నర చూపించింది. ప్యాంటు గుండీ కాజా దాకా రాలేదు. నేను వెళ్లేసరికి ఆ ప్యాంటు తిరగేసి పట్టుకుని, కుట్టు లోపల వేళ్లతో వెతుకుతున్నాడు. వదులు చేయడానికి ఏమీ లేదని ఆయనకి తెలుసు, కోసింది ఆయనే కదా. అయినా ఐదు ప్యాంట్లూ ఒకదాని తర్వాత ఒకటి తిరగేసి వెతికాడు.

"నీళ్లేగా మామయ్యా, డాక్టరమ్మ చెప్పిందిగా."

"అన్నయ్య కాలు కూడా ముందు నీరుపట్టిందనే అన్నార్రా."

నేను ఆ ప్యాంట్లు ఒక్కోటీ మడతపెట్టడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత కంచం రోజూ ఖాళీగానే వచ్చేది. అత్తయ్య సంతోషపడింది, గుడ్డ పీలికల సంచిలోంచి చీమల బారు బయటికొచ్చేదాకా. సంచి బోర్లిస్తే పీలికల మధ్య నాలుగు రోజుల అన్నం ముద్దలు. ఒక్కోటి లైనింగు ముక్కలో చక్కగా మూటగట్టి ఉంది. ఎంతైనా పనివాడు.

అత్తయ్య ఆ ముద్దలు ఆయనకి తెలియకుండా పారేసింది. నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఒరేయ్, పుట్టినప్పట్నుంచి పనికిమాలిన వేషాలు వేస్తున్నావు. ఒక్కటి పనికొచ్చేది వెయ్యి."

"ఏంటత్తయ్యా?"

"ఆయన నన్ను నమ్మడు, డాక్టరమ్మని నమ్మడు. ఆ టేపునే నమ్ముతాడు."

టేపు వాడగా వాడగా సాగుతుంది. సాగిన టేపు మీద అంగుళం అంటే అంగుళం కంటే ఎక్కువ. కాబట్టి ఎంతటి నడుమునైనా తక్కువ చేసి చెబుతుంది. అందుకే మామయ్య ఏటా పాతది తీసి పక్కన పడేస్తాడు. మిషను సొరుగులో అలాంటివి ఏడు దొరికాయి. పసుప్పచ్చవి రెండు. ఇనప స్కేలు మీద పరిచి చూశాను. ఒకటి ముప్పై మూడంగుళాలకి ముప్పావు అంగుళం కాజేస్తోంది. నాకంటే ముదురు. దాన్ని మేకుకి తగిలించి, అసలుది జేబులో వేసుకున్నాను. గుండీ గుట్టు రట్టు చేయకుండా ఐదు ప్యాంట్లనీ అత్తయ్య బీరువా అడుగున దాచి ఆయనకి నాడా పైజామా ఇచ్చింది.

మర్నాడు పొద్దున టేపు ముప్పై ఒకటీ ముప్పావు చూపించింది. మామయ్య రెండుసార్లు చూసుకున్నాడు. మధ్యాహ్నం గుప్పెడన్నం తిన్నాడు. ఆ తర్వాత రోజూ తిన్నాడు. పప్పు తిన్నాడు, సగం పండు తిన్నాడు. పరీక్షలో షుగరు గీత లోపలే ఉంది. స్వెట్టరు విప్పాడు. ఒకరోజు నా నెత్తిమీద మొట్టికాయ వేస్తే నిజంగా నొప్పెట్టింది. అత్తయ్యా నేనూ ఒకరి మొహాలొకరు చూసుకుని మురిసిపోయాం. మా అంత తెలివైనవాళ్లు లేరనుకున్నాం.

ఇరవై మూడో రోజు హెడ్‌మాస్టరుగారు ప్యాంటుకి కొలతలివ్వడానికొచ్చారు. కోటు గుడ్డ పాడైనా పెద్దమనసుతో మళ్లీ వచ్చిన మనిషి. షాపు టేపు చేతికందలేదు. మామయ్య గోడ మేకుకున్నది లాగి కొలిచాడు. వారం తర్వాత ఆ ప్యాంటు వెనక్కొచ్చింది.

"గుండీ పట్టట్లేదు మాస్టరుగారూ. నేను లావయ్యానేమో" అన్నారాయన, తప్పు తనదన్నట్టు.

ముప్పై ఏళ్లలో కొలత తప్పి మామయ్య దగ్గరికి ఏ బట్టా వెనక్కి రాలేదు. ఆయన మేకుకున్న టేపు తీసి, ఇనప స్కేలు పక్కన పరిచాడు. బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుకుంటూ చివరిదాకా వెళ్లాడు. తలెత్తి అత్తయ్యని చూశాడు. అత్తయ్య నన్ను చూసింది. ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

హెడ్‌మాస్టరుగారు వెళ్లేదాకా ఆగి అన్నాడు.

"నా ఒంటి గురించి నాకు అబద్ధం చెప్పావు. సరే. నా టేపు చేత ఊరికి అబద్ధం చెప్పించావేంట్రా?"

"నువ్వు తినాలని మామయ్యా."

"అయితే తిన్నదంతా మోసమే."

"ఒంట్లోకెక్కింది మోసం కాదండీ" అంది అత్తయ్య. "మీ చెయ్యి చూసుకోండి."

ఆయన చెయ్యి చూసుకోలేదు. ఆ మధ్యాహ్నం కంచం ముట్టుకోలేదు. మర్నాడూ ముట్టుకోలేదు. మేం గుడ్లు పెట్టినా, మాంసం పెట్టినా, "ఇందులో ఏం కలిపారు?" అని అడిగేవాడు. నేను గుమ్మంలోకొస్తే మిషను వైపు తిరిగి కూర్చునేవాడు. తిట్టినా బాగుండేది.

మూడో రోజు మధ్యాహ్నం, కుట్టు విప్పి వదులు చేస్తే సరిపోయేదాన్ని, హెడ్‌మాస్టరు ప్యాంటు కొత్తగా కోస్తానని లేచాడు. నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయాడు. కుడిచెయ్యి బల్ల అంచుకి తగిలింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు నేను బోర్డు రాస్తున్నప్పుడు కూడా వినబడుతుంటుంది.

మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఎముక పలచబడిందని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి వేలు చూపించలేదు, గొంతు పెంచలేదు. "అతుక్కోవాలంటే తిండి కావాలి. తిన్నా పాత బలం వస్తుందని మాటివ్వలేను" అంది.

నేను చేసిన పనంతా ఆమెకి చెప్పాను. ఆమె నా వైపు తిరిగి, "మంచం చుట్టూ ఉన్నవాళ్లే అబద్ధమాడితే రోగి ఎవర్ని నమ్మాలి?" అంది. అప్పుడు నేల చూశాను, ఎప్పుడూ చూడనివాణ్ణి.

కట్టు వేసి ఇంటికి తెచ్చాక అత్తయ్య కంచం తెచ్చి ఎదురుగా పెట్టింది. గిన్నె కూడా పక్కనే పెట్టింది. "ఇది అన్నం. ఇది పప్పు. ఇందులో ఇంకేమీ లేదు. నడుము పెరుగుతుంది. పెరిగిందనే చెబుతాను. తినకపోతే చెయ్యి పోతుంది. అదీ చెబుతున్నాను" అంది. 

మామయ్య ఎడమచేత్తో చెంచా తీసుకున్నాడు. సగం మెతుకులు ఒళ్లో పడ్డాయి.

కట్టు విప్పి ఇప్పటికి నాలుగు నెలలు. నడుము ముప్పై నాలుగు. షుగరు ఒకసారి పెరిగింది, చిన్న మాత్ర ఇచ్చారు, దిగింది. కుడిచెయ్యి చెంచా పడుతుంది, సూది పడుతుంది. కత్తెర పట్టదు. రెండు వేళ్లు ముడుచుకోవు, ఇక ముడుచుకోకపోవచ్చన్నారు. మామయ్య సుద్దతో గీత గీస్తాడు, అత్తయ్య కోస్తుంది. "ఏమే, మెల్లిగా, అది గుడ్డే, నా పీక కాదు" అని ఆయన, "పీకైతే ఇంత జాగ్రత్తగా కోయనండీ" అని ఆవిడ. నాతో మాత్రం పనిమాటలే. నేను ఏది చేతికిచ్చినా తిప్పి చూసుకుంటాడు, మంచినీళ్ల గ్లాసుతో సహా.

నిన్న మధ్యాహ్నం నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను. మామయ్య తింటున్నాడు. ఈమధ్య కళ్లు మూసుకోవడం మానేశాడు. కంచంలోకి చూస్తూ, నెమ్మదిగా నములుతూ, ఒకచోట ఆగిపోయాడు. దవడ కదల్లేదు. అత్తయ్య కంగారుపడి గిన్నె కింద పెట్టింది.

"ఏమైందండీ? బాగాలేదా?"

"బాగుందే" అన్నాడు. ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లూ బాగుండదని చెప్పుకున్నాను."

ఇంకో చెంచాడు తీసుకున్నాడు.