బ్యాంజోకు పూనకం వచ్చిన ఆదివారం

ఆషాఢంలో చెప్పులు ఆరవు. గోడకు ఆనించినా, పొయ్యి పక్కన పెట్టినా తెల్లారేసరికి తడిసిన కుక్కపిల్ల వాసన వేస్తయి. ఈ ఫిర్యాదు నాకు చాలా ఏండ్లుగా ఉంది. ఎవరికి చెప్పుకున్నా వాళ్ల చెప్పులు గూడ తడిగానే ఉండడం వల్ల సానుభూతి దొరకలేదు.

1974లో నాకు ఛత్రినాకలో రేడియో రిపేరు దుకాణం ఉండె. బీఎస్సీ ఫిజిక్స్ చదివిన. నాకు ఉద్యోగం ఇవ్వడానికి ఎవరూ తొందరపడలేదు గనుక సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న. వైర్లను అతికించే కాలే కడ్డీ అది. చదువు వృథా పోలేదని మా బాపు వచ్చినోళ్లందరికీ చెప్పేటోడు, అవసరమైనదానికంటే కొంచెం గట్టిగా.

యాదగిరి మా గల్లీలనే ఉండేటోడు. పొద్దున బర్రెల పాలు పోస్తడు, సాయంత్రం కార్వాన్‌లో ఒక ఖవ్వాలీ పార్టీల బ్యాంజో వాయిస్తడు. బ్యాంజో అంటే ఇంగ్లీషు బొమ్మల్లో కనిపించే గుండ్రటి వాయిద్యం కాదు. మాది పొడుగాటి చెక్కపెట్టె. మీద ఇనుప తీగలు, వాటి పైన టైపు మిషన్‌కు ఉన్నట్టు మీటలు. ఎడమచేత్తో మీట నొక్కి, కుడిచేత్తో తీగలు మీటాలె.

ఒకరోజు ఆ పెట్టెను నా బల్ల మీద పెట్టిండు.

"అన్నా, డోలకు, చప్పట్లు మొదలైనంక నా బ్యాంజో నాకే వినిపిస్తలేదు. ఏదన్న చెయ్యి."

"చప్పట్లు కొట్టేటోళ్లను తగ్గించుమను."

"వాళ్లు మా ఉస్తాద్ అల్లుండ్లు అన్నా."

ఇక వేరే దారి లేదు. పికప్ పెడదామన్న. అయస్కాంతం చుట్టూ సన్నటి తీగ చుడితే అదే పికప్. పైన ఇనుప తీగ కదిలితే దాంట్ల చిన్న కరెంటు పుడుతది. యాంప్లిఫయర్ దాన్ని పెద్దగా చేసి వినిపిస్తది. పెట్టినం. బ్యాంజో మోగింది గానీ వెనకాల్నుంచి దోమల గుంపు లెక్క ఒక రొద. దాన్ని హమ్ అంటరు. మందు తెలిసిందే: బ్యాంజో తీగల నుంచి యాంప్లిఫయర్ ఇనుప ఒంటికి ఒక వైరు కలపాలె. కలిపిన. దోమలు పోయినయి.

అప్పుడు యాదగిరి తన అసలు కోరిక చెప్పిండు. బోనాల నాడు గుడి ముందర బ్యాంజో మీద డప్పు దెబ్బ వాయిస్తడంట. నాకు నవ్వొచ్చింది. వాడు వాయించి చూపెట్టిండు. మీటలు ముట్టకుండ ఎడమ అరచెయ్యి తీగల మీద ఆనించి, కుడిచేత్తో కొడితే సాగే నాదం కాస్తా పొట్టిగా, బొంగురుగా తోలు మోత మోగింది. నడుమ నడుమ చెయ్యి లేపి అమ్మవారి పాట ఒక చరణం అందుకుంటడు. దాన్నే ఖవ్వాలీ లెక్క తిప్పి తిప్పి, ప్రతిసారి ఒక మెట్టు పైకి తీసుకపోతడు. మళ్ల డప్పు. నా కాలు బల్ల కింద దానంతటదే ఆడుతుంది. బీఎస్సీ దాన్ని ఆపలేకపోయింది.

గుడి కమిటీ పెద్ద అంజయ్యకు మాత్రం ఇది నచ్చలేదు. "డప్పులుండంగ ఈ డబ్బా ఏందిర?" అన్నడు. యాదగిరి తల్లి మల్లమ్మ పోయి లొల్లి పెడితే ఒక్కసారికి ఒప్పుకున్నడు. మంచిగ లేకపోతే ఆ డబ్బా గుడి చాయలకు రావద్దన్నడు.

యాంప్లిఫయర్ కూడా నాదే తీసుకపోతనన్నడు యాదగిరి. "బ్యాంజోను దీనికి తప్ప దేనికీ తగిలించకు" అని చెప్పిన.

"ఫికర్ చెయ్యకన్నా."

నా అనుభవంలో కస్టమర్ ఈ మాట అన్నంక ఫికర్ మొదలుపెట్టాలె. ఆ రోజు పెట్టలేదు.

బోనాల ఆదివారం పొద్దున మల్లమ్మ పాల క్యానుతోని దుకాణం ముందర ఆగింది. మొఖం వెలిగిపోతుంది.

"మా యాదగిరి మీదికి అమ్మ వస్తుంది బిడ్డా."

"ఎప్పట్నుంచి?"

"నిన్న పొద్దుగూకంగ అంజయ్య ఇంట్ల వాయించి చూసిండు గదా, అప్పట్నుంచి. తీగ ముట్టంగనే చెయ్యి జల్లుమన్నదంట. ఎంట్రుకలు నిక్కబొడుచుకున్నయి. అంజయ్య లేచి దండం పెట్టిండు."

చేతిల ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టిన. "నా యాంప్లిఫయర్ తోనేనా వాయించింది?"

"నీది మోయలేకుండ ఉన్నది. అంజయ్య ఇంట్ల రేడియోకు పెట్టిండ్రు. దాంట్ల గూడ మస్తు మోగుతుంది. ఇయ్యాల గుడికాడికి గూడ అదే తీసుకపోయిండ్రు."

ఆ రేడియో నాకు తెలుసు. నేనే రిపేరు చేసిన. అది ఏసీ-డీసీ సెట్టు, అంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే గోడల కరెంటు సెట్టు ఒంటికి తగలకుండ అడ్డంగ నిలబడుతది. అది లేని సెట్టుల లోపలి ఇనుప చట్రం నేరుగ గోడ వైరుకే కలిసి ఉంటది. రెండు కాళ్ల ప్లగ్గు ఒక దిక్కు పెడితే ఏం కాదు. తిప్పి పెడితే చట్రం నిండ కరెంటు. బయట చెక్కపెట్టె గనుక ఇంటోళ్లకు ఎన్నడూ తెల్వదు. కానీ ఇప్పుడు, హమ్ పోవాలని నేను కలిపిన వైరుతోనే, ఆ చట్రానికి యాదగిరి బ్యాంజో తీగలు కట్టి ఉన్నయి.

నిన్న వాడు చెక్క తఖ్తు మీద, గొంగడి పరుచుకొని కూసున్నడు. అందుకే జల్లుమని వదిలిపెట్టింది. ఇయ్యాల గుడి ముందర చెప్పుల్లేకుండ నిలబడుతడు. అక్కడ ఆడోళ్లు బిందెలతోని నేల మీద నీళ్లు పోస్తరు.

"ఎప్పుడు వాయిస్తడు?"

"ఇగ ఇప్పుడే. నేను గూడ అటే పోతున్న."

టెస్టర్ జేబుల వేసుకొని ఉరికిన. గుడి దగ్గర నేలంత పసుపునీళ్లు. యాదగిరి చీలమండల దాక తడిసి, మెడకు బ్యాంజో వేలాడేసుకొని కండ్లు మూసుకున్నడు. చెయ్యి ఇంకా తీగల మీద పెట్టలేదు. అంజయ్య తన రేడియో ప్లగ్గు పట్టుకొని బోర్డు దగ్గర వంగిండు. ఆ ప్లగ్గును ఆయన చేతిల నుంచి గుంజుకున్న.

"ఏందయ్యా ఇది, బోనాలు వచ్చే టైముకు?" అన్నడు.

"ఒక్క నిమిషం. అమ్మకు చిన్న పరీక్ష."

యాదగిరి మెడల నుంచి బ్యాంజో తీయించి, గుడి అరుగు పక్కనున్న ఎండిన చెక్క తఖ్తు మీద పెట్టిన. ఎవరినీ ముట్టొద్దన్న. నేను గూడ తఖ్తు ఎక్కి, అంజయ్యను నిన్న పెట్టినట్టే ప్లగ్గు పెట్టుమన్న. టెస్టర్ మొన తీగకు ఆనించిన. లోపలి చిన్న బల్బు ఎర్రగ వెలిగింది.

అప్పుడే వచ్చిన మల్లమ్మ రెండు చేతులు జోడించింది. "అగో, అమ్మ."

"అంజయ్యా, ఇప్పుడు ప్లగ్గు తీసి తిప్పి పెట్టు."

పెట్టిండు. బల్బు ఆరిపోయింది. మళ్ల మొదటి దిక్కు పెట్టుమన్న. వెలిగింది.

"అమ్మ ప్లగ్గు తిప్పితే పోయేటిది కాదు గదా," అన్న.

అంజయ్య ప్లగ్గు పీకి అటూ ఇటూ తిప్పి చూసిండు. "మరి నిన్న నేను దండం పెట్టింది ఎవరికి?"

"కరెంటాఫీసుకు."

 యాదగిరి తన కాళ్లు చూసుకున్నడు, కాళ్ల కింది నీళ్లు చూసిండు, మెల్లగ వచ్చి తఖ్తు ఎక్కి నా పక్కన నిలబడ్డడు.

ప్లగ్గు తిప్పి నడిపిద్దామన్నడు అంజయ్య. ఒప్పుకోలేదు. పండుగ నాడు ఎవరో ఒకరు దాన్ని పీకి, మళ్ల పెడుతరు. ఏ దిక్కు పెడుతరో అమ్మకే తెల్వాలె. రిక్షా మాట్లాడి, దుకాణంల ఉన్న నా ట్రాన్స్‌ఫార్మర్ యాంప్లిఫయర్ తెప్పించిన. తీగల మీద టెస్టర్ పెట్టిన, వెలగలేదు. ప్లగ్గు తిప్పి పెట్టిన, వెలగలేదు. అప్పటికి గూడ నమ్మకం కుదరక నా వేలే పెట్టిన. చల్లటి ఇనుము, అంతే. ఇనుము చల్లగ ఉండడం అంత సంతోషమని అదివరకు తెల్వదు.

యాదగిరి వాయించిండు. మొదట భయం భయంగ, పొయ్యి మీది గిన్నెను ముట్టుకున్నట్టు. తర్వాత అరచెయ్యి ఆనింది, డప్పు దెబ్బ పడింది. అసలు డప్పులోళ్లు కొంతసేపు చేతులు కట్టుకొని చూసిండ్రు. ఆ తర్వాత ఒకాయన ఊరుకోలేక జవాబు దెబ్బ వేసిండు. చరణం మూడో మెట్టు ఎక్కేసరికి బోనాలెత్తుకున్న ఆడోళ్ల అడుగులు మారినయి. అంజయ్య గూడ ఊగిండు గానీ, ఎవరన్న చూస్తే ఆపుకున్నడు. నేను గుడి అరుగు మీద కూసొని చాయ్ తాగిన. కప్పు సాసర్‌కు తగిలి చప్పుడైతుందని సాసర్ పక్కన పెట్టిన.

ఆ తర్వాత నా పనిల ఒక అలవాటు వచ్చింది. వస్తువు బాగు చేస్తే సరిపోదు, అది దేనికి తగిలిస్తరు, ఎవరింట్ల, నిలబడేచోట తడా పొడా అని గూడ అడగాలె. చాదస్తం అన్నరు కస్టమర్లు. వాళ్లు బతికుండి ఆ మాట అన్నంతకాలం నాకేం అభ్యంతరం లేదు.

పూజ అయినంక మల్లమ్మ ఆకుల ప్రసాదం పెట్టుకొని నా దగ్గరికి వచ్చింది. కొడుకు వాయించుడు ఎట్ల ఉందని అడిగిన.

"మంచిగనే ఉంది బిడ్డా," అన్నది. "కానీ నిన్న, నువ్వు లేనప్పుడు, ఇంకా మంచిగ వాయించిండు."